తలుపు తట్టిన లెక్క: 75 సెంట్ల నుంచి 300 కోట్ల దాకా

సన్నీవేల్‌లో, ఎల్ కమీనో రియల్ రోడ్డు పక్కన ఒక చిన్న ఆఫీసును ఊహించుకుందాం. ఇక్కడ 12 మంది, హైదరాబాద్‌లో 28 మంది, మొత్తం 40 మంది పనిచేస్తారు. జీతాల లెక్కలు, పన్నుల కాగితాలు, కస్టమర్ల ఫైళ్లు అన్నీ మూలగదిలోని ఒక్క సర్వర్‌లోనే ఉంటాయి. జనవరిలో ఒక సోమవారం పొద్దున్నే సర్వర్ చూసుకునే కుర్రాడు లాగ్ తెరిచాడు. పై నుంచి కింది దాకా ఒకటే నంబరు: 4625, 4625, 4625. లాగిన్ కాబోయి విఫలమైన ప్రతిసారీ విండోస్ సర్వర్ రాసుకునే నంబరు అది. శని, ఆదివారాలు రెండు రోజులూ నాలుగు సెకన్లకు ఒకటి చొప్పున పడింది. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి రోజుకు 21,600, రెండు రోజులకు 43,200. "అన్నా, ఎవరో మన సర్వర్‌లోకి రావాలని చూస్తున్నారు" అంటూ అతను ఓనర్‌కి ఫోన్ చేశాడు.

అతని కంగారు సహజమే. అయితే 43,200 అన్న అంకె చూసి అక్కడే ఆగిపోతే అసలు సంగతి చేజారిపోతుంది. అడగాల్సిన ప్రశ్నలు రెండు. తట్టింది ఎక్కణ్నుంచి? తట్టినవాళ్లలో లోపలికి వచ్చేసినవాడు ఉన్నాడా? మొదటిదాని వెంట పరుగెత్తి రెండోదాన్ని మరిచిపోవడం చాలాచోట్ల జరుగుతుంది. నా దృష్టిలో రెండోదే ప్రాణం.

ముందు ఒక గుణకారం చేసి చూద్దాం. ఇంగ్లిష్ చిన్న అక్షరాలు 26. వాటితో 8 అక్షరాల పాస్‌వర్డ్‌లు 20,882 కోట్లకు పైగా కట్టొచ్చు. నాలుగు సెకన్లకు ఒకటి చొప్పున అన్నీ ప్రయత్నించాలంటే 26 వేల ఏళ్లు దాటుతుంది. పెద్దక్షరాలు, అంకెలు కలిపితే లెక్క చెప్పుకోనే అక్కర్లేదు. కాబట్టి అవతలివాడు గుడ్డిగా ఊహించడం లేదు. జనం ఎక్కువగా పెట్టుకునే పాస్‌వర్డ్‌లు, ఇంకెక్కడో దొంగిలించినవి ఒక జాబితాగా తెచ్చుకుని వరసగా వేసి చూస్తున్నాడు.

ఆ జాబితాలు ఎలా పుట్టాయో తెలుసుకోవడానికి ఈ బే ఏరియా దాటి వెళ్లక్కర్లేదు. ఇక్కడి రాక్‌యూ అనే సంస్థ నుంచి 2009 డిసెంబరులో 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. వాటికి ఏ రహస్య లిపీ లేదు, ఉన్నవి ఉన్నట్టే దాచిపెట్టారు. వాటిలో 2,90,731 మంది పెట్టుకున్నది 123456. అంటే సుమారు 110 మందికి ఒకరు. మన ఆఫీసులో 40 మందీ అలాగే ఆలోచిస్తారనుకుంటే, ఆ ఒక్క పాస్‌వర్డ్‌తోనే కనీసం ఒక తలుపు తెరుచుకునే అవకాశం నూటికి 30. ఇరవై ఆరు వేల ఏళ్ల పని కాస్తా 40 ప్రయత్నాలకు దిగిపోయింది.

ఫైర్‌వాల్ ఉంది కదా అనుకోవచ్చు. ఫైర్‌వాల్‌లు తయారుచేసే ఫోర్టినెట్ కేంద్ర కార్యాలయం ఈ సన్నీవేల్‌లోనే ఉంది. 2021 సెప్టెంబరులో ఆ సంస్థ తయారుచేసిన 87,000 యంత్రాలకు సంబంధించిన వీపీఎన్ లాగిన్ వివరాలు బయటికి వచ్చాయి. వాటిని లాగడానికి వాడుకున్న లోపాన్ని సరిచేసే అప్‌డేట్ 2019 మే నాటికే వచ్చింది. వేసుకోనివాళ్లు దొరికిపోయారు. ఆలస్యంగా వేసుకుని పాస్‌వర్డ్ మాత్రం పాతదే ఉంచుకున్నవాళ్లకూ ముప్పు తప్పలేదు. తాళం బాగు చేయించాం సరే, అప్పటికే పోయిన తాళంచెవి సంగతేమిటి?

ఇక మన లాగ్‌లోంచి ఒక్క వరుసను దగ్గరికి తెచ్చుకుని చదువుదాం.

అకౌంట్ పేరు: స్కానర్. లాగాన్ టైప్: 3. సబ్ స్టేటస్ చివరి రెండు అంకెలు: 64. వర్క్‌స్టేషన్: ఖాళీ. సోర్స్ అడ్రస్: 203.0.113.45. సోర్స్ పోర్ట్: 51844.

(203.0.113తో మొదలయ్యే చిరునామాలను ఇలాంటి రాతల్లో ఉదాహరణలకోసమే పక్కన పెట్టారు, అవి ఎవరివీ కావు.)

అన్నిటికన్నా ఎక్కువ కబుర్లు చెప్పేది ఆ 64. అసలు అలాంటి పేరుతో అకౌంటే లేదని దానర్థం. 6ఎ అని ఉంటే పేరు సరైనదే, పాస్‌వర్డ్ మాత్రమే తప్పు. 72 అని ఉంటే అది మీరు ఆపేసిన అకౌంట్, అంటే ఉద్యోగం మానేసినవాళ్ల పేరు ఇంకా ఎవరి చేతిలోనో తిరుగుతోంది. 234 అంటే వరస తప్పుల వల్ల అకౌంట్ లాక్ అయింది. మన 43,200ను ఇలా వేరుచేస్తే 42,000 వరుసల చివర 64 ఉందనుకుందాం. స్కానర్, టెస్ట్, అడ్మిన్1, బ్యాకప్ లాంటి పేర్లతో ఊరంతా తలుపులు తట్టుకుంటూ పోయే యంత్రం పని అది. దానికి మీరెవరో తెలియదు. మిగతా 1,200 చివర 6ఎ ఉంది, అవన్నీ మూడే పేర్ల మీద ఉన్నాయి. ఆ మూడు పేర్లూ బయటివాడికి ఎలా తెలిశాయి? వేట అక్కడ మొదలవ్వాలి.

లాగాన్ టైప్ కూడా దారి చూపిస్తుంది. 2 అంటే సర్వర్ ముందు కూర్చుని కీబోర్డు మీద కొట్టింది. 3 అంటే నెట్‌వర్క్ మీదుగా వచ్చింది. 4 అంటే ముందే టైమ్ పెట్టి ఉంచిన పని, 5 అంటే సర్వీసు, 10 అంటే రిమోట్ డెస్క్‌టాప్. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇప్పటి సర్వర్లలో రిమోట్ డెస్క్‌టాప్ తెర తెరవకముందే పాస్‌వర్డ్ అడుగుతుంది కాబట్టి, అక్కడ విఫలమైనవి ఎక్కువగా 3గానే నమోదవుతాయి. 10 కనపడలేదు కాబట్టి రిమోట్ డెస్క్‌టాప్ వైపు భయం లేదనుకుంటే మోసపోతాం. రౌటర్‌లో 3389 నంబరు పోర్ట్ బయటికి తెరిచి ఉందేమో నేరుగా చూసుకోవాలి.

ఒక్కోసారి సోర్స్ అడ్రస్ దగ్గర ఖాళీ ఉంటుంది, లేదా ఆ సర్వర్ పేరే ఉంటుంది. చూసేవాడికి సర్వర్ తన తలుపు తానే తట్టుకుంటున్నట్టు కనిపిస్తుంది. ఇక్కడే చాలామంది చేతులెత్తేస్తారు. అదే వరుసలో కాస్త కిందికి వెళ్తే కాలర్ ప్రాసెస్ అనే గడి ఉంటుంది. అందులో మెయిల్ సర్వీసు పేరో, వెబ్ సర్వీసు పేరో కనిపిస్తే సంగతి తేలిపోయినట్టే. బయటివాడు మెయిల్ సర్వీసును అడిగాడు, అది అతని తరఫున పాస్‌వర్డ్ సరిచూడమని విండోస్‌ను అడిగింది. విండోస్‌కు కనిపించింది మధ్యవర్తి మొహమే. అసలు చిరునామా మెయిల్ సర్వీసు సొంత లాగ్‌లో ఉంటుంది. రెండు లాగ్‌లూ పక్కపక్కన పెట్టుకుని సెకను సెకనుకు జత కలపాలి. విసుగు పుట్టించే పని. కానీ అడ్డదారి లేదు.

సోర్స్ అడ్రస్ 192.168తోనో, 10తోనో మొదలైతే ఆ తట్టినవాడు ఇంట్లోనే ఉన్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ మాత్రం పట్టుకోవడానికి ఒక గడియారం చాలు. మనిషి చేసిన ప్రయత్నాల మధ్య వ్యవధి ఎగుడుదిగుడుగా ఉంటుంది. కచ్చితంగా 15 నిమిషాలకోసారి, రోజుకు 96 సార్లు ఒకే పేరు పడుతోందంటే అది మనిషి కాదు. శుక్రవారం ఒకామె ఆఫీసులో పాస్‌వర్డ్ మార్చుకున్నారు. ఆఫీసు సొరుగులో వదిలేసిన పాత ఫోన్ మాత్రం పాత పాస్‌వర్డ్‌తోనే మెయిల్ కోసం అడుగుతూ ఉంది. రోజుకు ఒక్కసారే, ఒకే సమయానికి పడుతుంటే, రెండేళ్ల కిందట వెళ్లిపోయిన ఉద్యోగి పేరు మీద ప్రతి రాత్రి 2 గంటలకు నడిచేలా పెట్టిన బ్యాకప్ అది. అకౌంట్ లాక్ అయినప్పుడు పడే 4740 నంబరు వరుసలో ఏ కంప్యూటర్ వల్ల లాక్ అయిందో పేరు ఉంటుంది. ఆ పేరు పట్టుకుని వెళ్తే పని త్వరగా తేలుతుంది. బయటి శత్రువు కోసం కత్తులు నూరే ముందు ఈ గాలింపు పూర్తి చేసుకోవాలి.

బయటి నుంచి వచ్చినవాణ్ని పట్టడం వేరే కథ. అది ఎంత ఓర్పుతో కూడిన పనో చెప్పడానికి ఇప్పటికీ మించిన ఉదాహరణ లేనిది సన్నీవేల్‌కు ఉత్తరాన, సుమారు 45 మైళ్ల దూరంలోని బర్క్‌లీలో జరిగింది. 1986 ఆగస్టులో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల కంప్యూటర్ల లెక్కల్లో 75 సెంట్లు తేడా వచ్చింది. ఎవరో 9 సెకన్ల కంప్యూటర్ సమయం వాడుకుని డబ్బు కట్టలేదు. క్లిఫర్డ్ స్టోల్ ఖగోళ శాస్త్రవేత్త, అప్పుడే కంప్యూటర్ల వైపు వచ్చాడు. ఆ 75 సెంట్లను వదిలేసినా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కారు. అతను వదల్లేదు. బయటి నుంచి వచ్చే ఫోన్ లైన్లు 50 దాకా ఉంటే, ఆఫీసులో ఖాళీగా ఉన్న టెర్మినళ్లు, ప్రింటర్లు పోగుచేసి వాటికి తగిలించి, ఆ అపరిచితుడు కొట్టిన ప్రతి అక్షరాన్నీ కాగితం మీద పట్టాడు.

తీగ లాగితే డొంకంతా కదిలింది. ఆ వచ్చినవాడు బర్క్‌లీని మెట్టుగా వాడుకుని, సైనిక కంప్యూటర్ల వైపు వెళ్తున్నాడు. మొత్తం సుమారు 450 కంప్యూటర్ల తలుపులు తట్టాడు, 30కి పైగా తెరుచుకున్నాయి. అంటే పదిహేనింటికి ఒకటే. అయినా ఆ ఒక్కటే చాలు. లైను వెనక లైను పట్టుకుని వెళ్తే పశ్చిమ జర్మనీలోని హానోవర్ తేలింది. అక్కడి పాత టెలిఫోన్ ఎక్స్చేంజీలో కాల్ ఎక్కణ్నుంచి వచ్చిందో పట్టాలంటే అతను చాలాసేపు లైనులో ఉండాలి. అందుకని స్టోల్ రక్షణ రహస్యాల్లా కనిపించే దొంగ ఫైళ్లు తయారుచేసి ఎరగా పెట్టాడు. వాటిని చదువుతూ అతను లైనులో ఉండిపోయాడు. మార్కస్ హెస్ అలా దొరికాడు. సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి సమాచారం అమ్మినట్టు తేలి, 1990లో శిక్ష పడింది. ఆ వేట మొత్తం ఒక ఖాతా పుస్తకంలోని తేడాతో మొదలైందన్నది నాకు ఎప్పటికీ ఇష్టమైన సంగతి. లెక్క సరిగ్గా రాసే అలవాటు లేకపోతే స్టోల్‌కు ఆ తేడాయే కనిపించేది కాదు.

ఇవాళ చిరునామా కనిపెట్టడానికి ఎర అక్కర్లేదు, అది లాగ్‌లోనే ఉంటుంది. దాన్ని రిజిస్ట్రీలో వెతికితే ఏ సంస్థకు కేటాయించారో నిమిషంలో తెలుస్తుంది. ఉత్తర అమెరికాకు ఏరిన్, మన ఆసియా పసిఫిక్ వైపు ఏపీనిక్ ఆ పట్టికలు నిర్వహిస్తాయి. అక్కడితో ఆనందపడితే పొరపాటే. చిరునామా మనిషి కాదు. పాత తరహా ఐపీ చిరునామాలు మొత్తం 429 కోట్లే ఉన్నాయి. అందుకే మొబైల్ కంపెనీలు ఒకే చిరునామాను చాలామందికి పంచుతాయి. ఒక చిరునామాకు 65,536 పోర్ట్‌లుంటాయి. తలా వెయ్యి ఇచ్చారనుకుంటే ఒక్క చిరునామా వెనక 65 మంది. వాళ్లలో ఎవరో తేల్చాలంటే పైన మనం చదివిన ఆ సోర్స్ పోర్ట్ 51844, సెకనుతో సహా సమయం, రెండూ కావాలి. చాలా సర్వర్ లాగ్‌లలో పోర్ట్ నమోదు చేయకుండా వదిలేస్తారు. ఆ ఒక్క గడి ఖాళీగా ఉన్నందుకు దర్యాప్తు ఆగిపోవచ్చు.

పైగా ఆ చిరునామా అసలువాడిది కాకపోయే అవకాశమే ఎక్కువ. ఎవరింట్లోనో పాస్‌వర్డ్ మార్చని కెమెరా, అద్దెకు తీసుకున్న సర్వర్, వీపీఎన్, వీటిలో ఏదో ఒకటి ముసుగుగా ఉంటుంది. ఆ వెనక ఎవరున్నారో ఆ కంపెనీకే తెలుసు, వాళ్లు మామూలుగా మీకు చెప్పరు. పోలీసులకో, కోర్టుకో చెప్తారు. అమెరికా చట్టం ప్రకారం దర్యాప్తు సంస్థ అడిగితే ఆ కంపెనీ తన దగ్గరున్న రికార్డులను 90 రోజులు చెరిపేయకుండా ఉంచాలి, మళ్లీ అడిగితే ఇంకో 90 రోజులు. భారత్‌లో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దాచాలి, ఘటన తెలిసిన 6 గంటల్లోపు చెప్పాలి. సన్నీవేల్‌లో సర్వర్, హైదరాబాద్‌లో ఆఫీసు ఉన్నవాళ్లు రెండు దేశాల గడియారాలూ చూసుకోవాల్సిందే. సర్వర్ మాత్రం లాగ్ నిండితే పాత వరుసలు తుడిచి కొత్తవి రాసుకుంటుంది. నాలుగు సెకన్లకు ఒక వరుస పడుతుంటే అది ఎంత తొందరగా నిండుతుందో ఒకసారి కొలిచి చూసుకోండి.

ఇప్పుడు రెండో ప్రశ్న: లోపలికి వచ్చేసినవాడు ఉన్నాడా? దీనికీ ఉదాహరణ ఈ ఊళ్లోనే ఉంది. సన్నీవేల్‌లో ఫస్ట్ అవెన్యూ, 701 నంబరు. యాహూ కేంద్ర కార్యాలయం ఒకప్పుడు అక్కడే ఉండేది. 2014లో తమ దగ్గర జరిగిన చొరబాటును గమనించిన సంస్థ అప్పట్లో ప్రత్యేకంగా హెచ్చరించింది 26 మందిని. 2016 సెప్టెంబరు 22న ఆ చొరబాటులో 50 కోట్ల అకౌంట్ల వివరాలు పోయాయని ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరులో, 2013లో జరిగిన ఇంకో చొరబాటు బయటపడింది. దానికి 100 కోట్లన్నారు. 2017 అక్టోబరు వచ్చేసరికి 300 కోట్లని తేలింది, అంటే అప్పటికున్న అకౌంట్లన్నీ. యాహూను కొనబోతున్న వెరిజాన్, ధరలో 35 కోట్ల డాలర్లు తగ్గించింది. ఇన్వెస్టర్లకు సకాలంలో చెప్పనందుకు 2018 ఏప్రిల్‌లో 3.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది.

ఈ కేసులో మన ఆఫీసు కుర్రాడు తెలుసుకోవాల్సింది ఆ కోట్ల గురించి కాదు. 2017 మార్చి 15న అమెరికా న్యాయశాఖ నలుగురి మీద అభియోగాలు ప్రకటించింది. వారిలో ఇద్దరు రష్యా గూఢచారి సంస్థ ఎఫ్ఎస్‌బీ అధికారులు. అభియోగపత్రం ప్రకారం చొరబాటుదారు యూజర్ల డేటాబేస్ కాపీ సంపాదించి, దాని ఆధారంగా దొంగ కుకీలు తయారుచేశాడు. మీరు ఒకసారి లాగిన్ అయ్యాక మళ్లీ మళ్లీ పాస్‌వర్డ్ అడగకుండా బ్రౌజర్ దగ్గర ఉంచే గుర్తింపు చీటీయే కుకీ. ఆ చీటీయే తయారుచేసుకున్నవాడికి పాస్‌వర్డ్‌తో పనేముంది? తప్పు పాస్‌వర్డ్ ఒక్కటి కూడా కొట్టక్కర్లేదు. విఫల ప్రయత్నాల పట్టిక ఎంత చూసినా అతను అందులో కనపడడు. అంతేకాదు, అడుగుజాడలు చెరిపేయడానికి లాగ్‌లు తుడిచే ప్రోగ్రామును కూడా యాహూ నెట్‌వర్క్‌లోకి దించాడని అభియోగపత్రం చెబుతోంది. లాగ్‌ల కాపీ ఎప్పటికప్పుడు వేరే యంత్రంలోకి, ఆ సర్వర్ అడ్మిన్ చేతికి కూడా అందని చోటికి పోతూ ఉండాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. నలుగురిలో అమెరికా కోర్టులో శిక్ష పడింది కెనడాలో దొరికిన కరీమ్ బరటోవ్‌కే, 2018 మేలో 5 ఏళ్లు.

లింక్డిన్‌ది ఇంకో దారి. ఇప్పుడు సన్నీవేల్ కేంద్రంగా ఉన్న ఆ సంస్థ 2012లో పక్క ఊరు మౌంటెన్ వ్యూలో ఉండేది. యెవ్‌గెనీ నికులిన్ అనే రష్యన్ ముందుగా ఒక ఉద్యోగి కంప్యూటర్‌లోకి దూరి, ఆ ఉద్యోగి పేరుతోనే దర్జాగా లోపలికి వచ్చాడు. మొదట 65 లక్షల పాస్‌వర్డ్‌లన్నారు, 2016లో 11.7 కోట్లు అమ్మకానికి వచ్చాయి. 2020లో అతనికి 88 నెలల శిక్ష పడింది. సర్వర్ దృష్టిలో అతను మంచి ఉద్యోగే. పేరు సరైనది, పాస్‌వర్డ్ సరైనది.

అందుకే మన కుర్రాడు 4625లను పక్కనపెట్టి 4624ల వైపు, అంటే లాగిన్ అయిపోయినవాటి వైపు చూడాలి. 43,200తో పోలిస్తే అవి పిడికెడే. ఆదివారం తెల్లవారుజామున 3 నుంచి 4 మధ్య, ఆ మూడు పేర్లలో ఒకదాని మీద రెండున్నాయి: 3:10కి ఒకటి, 3:52కి ఒకటి. అర్ధరాత్రి దాటాక లాగిన్ అనగానే దొంగ అనుకునేరు. చలికాలంలో హైదరాబాద్ మనకన్నా పదమూడున్నర గంటలు ముందుంటుంది, మార్చి నుంచి నవంబరు దాకా పన్నెండున్నర. 3:10 అంటే అక్కడ సాయంత్రం 4:40. లాగ్‌లు కొన్ని అంతర్జాతీయ సమయంలో, కొన్ని సన్నీవేల్ సమయంలో ఉంటాయి కాబట్టి ముందు అన్నిటినీ ఒకే గడియారానికి తేవాలి. ఈ గంట సర్దుబాటు మరిచిపోయి తమ ఉద్యోగులనే అనుమానించడం అన్యాయం.

అతను హైదరాబాద్‌కు ఫోన్ చేశాడు.

"అక్కా, నిన్న ఆదివారం సాయంత్రం మీరేమైనా లాగిన్ అయ్యారా?"

"అయ్యాను తమ్ముడూ. నెలాఖరు కదా, జీతాల పని ఉందని ఆఫీసుకు వచ్చాను. నాలుగున్నర దాటింది."

"అయిదూ ఇరవై రెండుకి మళ్లీ అయ్యారా?"

"లేదు, అయిదుకే బస్సెక్కేశాను. ల్యాప్‌టాప్ ఆఫీసులోనే ఉంది."

3:52 వరుసలో సోర్స్ అడ్రస్ వేరు. అదే అడ్రస్ నుంచి 4625లు వెతికితే నాలుగే ఉన్నాయి, గంటకు ఒకటి చొప్పున, నాలుగూ ఆమె పేరు మీదే, నాలుగూ 6ఎ. పది తప్పులకు లాక్ అయ్యేలా పెట్టిన తాళం, ఇంత నిదానంగా వచ్చినవాణ్ని గమనించనే లేదు. 42,000 వరుసల గోలలో ఆ నాలుగూ కలిసిపోయాయి. అతను ఆమె అకౌంట్ ఆపేశాడు, సర్వర్ పవర్ తీయకుండా నెట్‌వర్క్ కేబుల్ మాత్రం పీకాడు, లాగ్‌ను వేరే డిస్కులోకి కాపీ చేసుకున్నాడు. కాగితం మీద 3:52 అని రాసుకుని, దాని కింద గీత గీసి, ఆ క్షణం తర్వాత ఆ పేరుతో ఏయే ఫైళ్లు తెరిచారో వరుస వరుసగా చదవడం మొదలుపెట్టాడు.